ఔట్‌సైడ్ దబీర్‌పురా అంటే దేనికి ఔట్‌సైడ్?

ఇదంతా ఒక పెళ్లి కార్డుతో మొదలైంది. ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల చెల్లి పెళ్లి, వాళ్లుండేది హైదరాబాద్ పాతబస్తీలో, కార్డు మీద అడ్రస్ "ఓ బై ఎస్ దబీర్‌పురా" అని ఉంది. ఓ బై ఎస్ అంటే ఏంటో నాకు తెలీదు, ఏదో అపార్ట్‌మెంట్ పేరేమో అనుకుని మ్యాప్‌లో దబీర్‌పురా అని కొట్టి ఆటో ఎక్కేశా. పట్టుచీర కట్టుకుని, గిఫ్ట్ ప్యాకెట్ చంకలో పెట్టుకుని ముప్పావుగంట సందులన్నీ తిరిగాక ఒక కిరాణా షాపాయన నా అవతారం చూసి జాలిపడి కార్డు తీసుకుని చదివాడు. "మీరు ఇన్‌సైడ్‌లో తిరుగుతున్నరమ్మా, ఇది ఔట్‌సైడ్" అన్నాడు. దేనికి ఔట్‌సైడ్ అన్నా. ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఔట్‌సైడ్ దబీర్‌పురా" అన్నాడు మళ్లీ, చెవిటివాళ్లకి చెప్పినట్టు ఇంకొంచెం గట్టిగా.

నేను వెళ్లేసరికి భోజనాలు అయిపోయాయి, ఖుబానీ కా మీఠా మాత్రం మిగిలింది, అది వేరే బాధ.

ఇంటికొచ్చి మా మామకి ఫోన్ చేశా. మామంటే మా అమ్మ తమ్ముడు. ఛత్తా బజార్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ముప్పై ఏళ్లు బైండింగ్ పని చేసి ఈమధ్యే మానేశాడు, ఉర్దూ చదువుతాడు, రాస్తాడు, మనతో తెలుగులో మొదలుపెట్టి మధ్యలో తనకే తెలీకుండా ఉర్దూలోకి జారిపోతాడు. విషయం చెప్తే ఫోన్‌లోనే పడీపడీ నవ్వాడు. "పదిహేనేండ్ల సంది పట్నంల ఉంటున్నవ్ కోడలా, పట్నానికి గోడ ఉండెనని తెల్వదా నీకు?" అన్నాడు. తెలీదు, నిజంగానే తెలీదు. కోటగోడ అంటే గోల్కొండ, నా నాలెడ్జ్ అంతవరకే. చార్మినార్‌ని నడిమధ్యన పెట్టి చుట్టూ ఒక రాతిగోడ ఉండేదని, దానికి దర్వాజాలు ఉండేవని, ఓ బై ఎస్ అంటే ఆ గోడకి ఔట్‌సైడ్ అని, గోడ పోయి ఇన్నేళ్లయినా జనం అడ్రసుల్లో ఇంకా దాన్ని మోస్తున్నారని మామ చెప్తుంటే నాకు భలే అనిపించింది. చూపిస్తావా అంటే, "లేని గోడని ఏం చూపిస్త, నడిపిస్త. బండి మీద వస్తనంటే మాత్రం రాకు. బేస్తారం పొద్దుగాల పురానాపూల్ కాడికి రా" అన్నాడు.

బేస్తారమే ఎందుకంటే ఆ రోజు జుమేరాత్ బజార్ ఉంటుంది. జుమేరాత్ అంటే గురువారమే, మూసీకి ఇవతలి ఒడ్డున పురానాపూల్ దగ్గర్లో తెల్లారేసరికే రోడ్డు మీద పట్టాలు పరిచి పాత సామాను పోస్తారు. పోస్తారు అన్నమాట ఊరికే అనట్లేదు, నిజంగా గోనెసంచి విప్పి బోర్లిస్తారు, అందులోంచి ఒంటి చెప్పులు, రిమోట్లు, నల్లా తలకాయలు, మిక్సీ జార్ మూతలు, ఎవరిదో స్కూల్ కప్పు, తాళంచెవి లేని తాళాలు, ఇంకో కుప్పలో తాళం లేని తాళంచెవులు. మా మామ ఆ తాళంచెవుల కుప్ప ముందర కూర్చుని పది నిమిషాలు కెలికాడు, వాళ్లింట్లో బీరువా తాళంచెవి పోయి నాలుగేళ్లయిందట, ఇక్కడ దొరుకుతుందని ఆశ. దొరకలేదు గానీ అలాంటిదే ఒకటి 20 రూపాయలకి కొన్నాడు. అది ఆ బీరువాకి పట్టలేదని తర్వాత అత్త చెప్పింది.

ఇక్కడి వరకూ మనం ఔట్‌సైడ్. నది దాటితే ఇన్‌సైడ్.

పురానాపూల్ కట్టింది 1578లో, చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. అంటే ఊరు పుట్టకముందే ఊరికి వంతెన ఉందన్నమాట. గోల్కొండ నుంచి మూసీ దాటడానికి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు, 22 కమాన్లు. మామ మాత్రం అందరూ చెప్పే కథే చెప్పాడు, యువరాజు భాగమతి కోసం వరదలో గుర్రంతో నదిలో దూకేస్తే తండ్రి భయపడి వంతెన వేయించాడని. నేను ఫోన్ తీసి లెక్కేశా, ఆ యువరాజు మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో, అంటే వంతెన పూర్తయ్యేటప్పటికి పన్నెండు పదమూడేళ్ల పిల్లాడు. ఏడో క్లాస్ పిల్లాడికి లవ్ స్టోరీ ఏంటి మామా అంటే, "నీకు లెక్కలు ఎక్కువైనయ్, అందుకే పెండ్లిల తిండి దొర్కలె" అన్నాడు.

ఇప్పుడు ఆ వంతెన మీద బండ్లు పోవు, పక్కనే కొత్తది ఉంది. దీని మీద కూరగాయలమ్ముతారు. నాలుగున్నర శతాబ్దాల రాతి వంతెన మీద రెండు పక్కలా కొత్తిమీర కట్టలు, టమాటాలు, గోంగూర, తడి గోనెపట్టాలు, మధ్యలో నడవడానికి మిగిలిన జాగాలో ఒక మేక. మూసీ వాసన గురించి రాయను, రాసినా వాసన తగ్గదు. ఒక అమ్మమ్మ నన్ను పిలిచి పాలకూర కొనమంది, నేను ఇప్పుడే నడక మొదలుపెట్టాను సాయంత్రం దాకా మోయలేను అంటే, "మోయకు, నోట్లె వేస్కొని నములు" అంది. దానికి ఏం జవాబిస్తాం.

వంతెన దిగగానే పురానాపూల్ దర్వాజా. ఊరి గోడకున్న దర్వాజాల్లో ఇంకా నిలబడి ఉన్నవి రెండే రెండు, పడమర ఇది, తూర్పున దబీర్‌పురాది. మిగతా పదీ పదకొండూ పోయాయి. అంతకంటే చిన్నవి, ఖిడ్కీలు అని ఇంకో డజను దాకా ఉండేవట, అవీ పోయాయి.

గోడ కథ నాకు భలే నచ్చింది, అందుకని కొంచెం ఆగి చెప్తా. 1591లో ఊరు కట్టినప్పుడు గోడ లేదు. గోల్కొండలో జనం ఎక్కువై ఊపిరాడక బయటికొచ్చి కట్టుకున్న ఊరు ఇది, నాలుగు దిక్కులా రోడ్లు, తోటలు, మధ్యలో చార్మినార్, మళ్లీ దాని చుట్టూ గోడ ఎందుకు అనుకుని ఉంటారు. నూటముప్పై ఏళ్లు అలాగే గడిచింది. తర్వాత మొగలుల తరఫున సుబేదారుగా, అంటే గవర్నర్‌గా ఉన్న ముబారిజ్ ఖాన్ గోడ మొదలుపెట్టించాడు. ఆ గోడ పూర్తవకముందే 1724లో షకర్‌ఖేడా దగ్గర యుద్ధం జరిగి ముబారిజ్ ఖాన్ చచ్చిపోయాడు. అతని మీద గెలిచింది నిజాం ఉల్ ముల్క్, అంటే మొదటి నిజాం. ఆ నిజామే తర్వాత మిగతా గోడ కట్టించి పూర్తిచేశాడు. ఒకడు మొదలుపెట్టిన గోడని అతన్ని ఓడించినవాడే వచ్చి పూర్తిచేయడమంటే ఇదే. చుట్టుకొలత ఆరు మైళ్లు, పది కిలోమీటర్లకి అటూఇటూ. మన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ వే కన్నా పొట్టిదే కానీ రాతితో కట్టారు కదా.

పురానాపూల్ నుంచి హుస్సేనీ ఆలం వైపు నడిచాం. ఈ దారి టూరిస్టులు రారు, అందుకే నాకు నచ్చింది. పెద్ద పెద్ద ఇళ్ల ముందు దేవిడీ గేట్లు మాత్రం మిగిలి, వెనకాల ఇల్లు ఉండాల్సిన చోట నాలుగు అపార్ట్‌మెంట్లు. ఒక గేటు కమాను కింద ఇస్త్రీ బండి. ఒక చోట పిల్లలు పతంగులకి మాంజా చుట్టుకుంటున్నారు, ఇంకోచోట పరదా కట్టిన గుమ్మం లోంచి కుట్టుమిషన్ చప్పుడు, పక్కింట్లోంచి ఖురాన్ చదివే గొంతు, ఆ పక్కింట్లోంచి ఏదో తెలుగు సీరియల్, ఇవన్నీ మూడడుగుల దూరంలో. నేను పాతబస్తీకి నడవడానికి వెళ్తున్నా అంటే మా ఆఫీసులో ఇద్దరు "ఒక్కదానివేనా" అని కళ్లు పెద్దవి చేశారు. రోజంతా నడిచాను, నన్ను ఇబ్బంది పెట్టింది ఎవరో కాదు, ఫుట్‌పాత్. అసలది లేకపోవడం. ఆడవాళ్లు కూర్చోడానికి, ఇంకా ముఖ్యంగా బాత్రూంకి వెళ్లడానికి చోటు లేకపోవడం. ఈ ఊరి గురించి రాసేవాళ్లు అత్తరు వాసనల గురించే రాస్తారు, ఇది ఎవరూ రాయరు.

మహబూబ్ చౌక్ దాటాం, 1892 నాటి గడియారం స్తంభం ఉంది, దాని చుట్టుపక్కల కోళ్లు, పావురాలు అమ్మే బజార్ వల్ల జనం ముర్గీ చౌక్ అనే అంటారు. అక్కడి నుంచి లాడ్ బజార్‌లోకి.

లాడ్ బజార్‌లో మెయిన్ రోడ్డు మీద షాపుల్లో మెరిసే గాజులు అందరూ చూసిందే. మామ నన్ను ఆ షాపుల వెనక సందులోకి తీసుకెళ్లాడు, తనకి తెలిసిన ఒకాయన ఇంటికి, ముందుగది మొత్తం కుంపటి సెగ. లక్క ముద్దని బొగ్గుల మీద వేడిచేసి, సాగదీసి, చెక్క బద్దతో దొర్లించి సన్నగా చేసి, గాజు సైజుకి వంచి అతికిస్తారు. తర్వాత అసలు పని, లక్క మెత్తగా ఉన్నప్పుడే రాళ్లు ఒక్కొక్కటీ పొదగాలి, చల్లారితే గట్టిపడిపోతుంది, మళ్లీ సెగ చూపించాలి. ఆ పని ఆ ఇంటావిడ చేస్తోంది, మాతో మాట్లాడుతూనే, చూపు అయితే గాజు మీద నుంచి తీయట్లేదు. ఆవిడ వేళ్ల కొసలు చూశా, చర్మం నున్నగా అయిపోయి గీతలు లేవు. వేలిముద్ర పడట్లేదని రేషన్ షాపులో రోజూ గొడవేనట, నవ్వుతూ చెప్పింది. 2024లో హైదరాబాద్ లక్కగాజులకి జీఐ ట్యాగ్ వచ్చింది కదా, మీకేమైనా లాభం వచ్చిందా అంటే, ఆవిడ భర్త వైపు చూసింది, ఆయన "ట్యాగ్ షాపోళ్లకు వచ్చింది, మాకు ఫోటోలు తీసుకునేటోళ్లు వస్తున్నరు" అన్నాడు. నేను మెల్లిగా ఫోన్ బ్యాగులో పెట్టేశా.

బయటికొచ్చాక మెయిన్ రోడ్డు షాపులో అలాంటి జతే 600 చెప్పారు. 250కి తెచ్చుకున్నా. తెచ్చుకున్నాక రాత్రంతా ఆవిడ వేళ్లే గుర్తొచ్చి బేరం ఆడినందుకు సిగ్గేసింది, బేరం ఆడింది షాపాయనతోనే అయినా.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. అక్కడ చాయ్ తాగాం. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరే, పాలు వేరే, డికాషన్‌ని మూత బిగించి దమ్ పెడతారు, పాలని చిక్కబడేదాకా కాస్తూనే ఉంటారు, కలిపేది కప్పులోనే. మామకి పౌనా కావాలి, అంటే డికాషన్ తక్కువ, పాలు ఎక్కువ. ఉస్మానియా బిస్కట్ ముంచి తింటూ "ఇగ ఇక్కడి సంది నీకు సెంటర్, ఎటు పోయినా గోడకే పోతవ్" అన్నాడు.

ఉత్తరం వైపు చార్ కమాన్ దాటుకుని పత్తర్‌గట్టిలోకి వచ్చాం. రెండు పక్కలా ఒకే తీరు రాతి కమాన్ల వరుస, కింద షాపులు. ఇది నిజాం కాలందే కానీ పాతది కాదు, వరద తర్వాత కట్టింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది, మామూలు పొంగు కాదు, పదిహేను వేల మంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు, ఆ చెట్టు ఇంకా ఉంది. గోడకి మొదటి పెద్ద దెబ్బ ఆ వరదే కొట్టింది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి రోడ్లు వెడల్పు చేసుకుంటూ వచ్చారు, ఆ తర్వాత బస్సులు లారీలు వచ్చాక దర్వాజాలు ట్రాఫిక్‌కి అడ్డమని ఒక్కోటీ తీసేశారు. నయాపూల్ దగ్గర అఫ్జల్ దర్వాజా ఉండేది, ఇప్పుడు అక్కడ నిలబడి ఇక్కడేదో ఉండేదంటే ఎవరూ నమ్మరు.

పక్కనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మొహర్రంకి పీర్లు పెట్టే చోటు, 1590ల్లో కట్టింది, లోపల గోడలకి రంగురంగుల టైల్స్. నేను చూసి ఎంత బావుంది అనుకుంటుంటే మామ కింది భాగం చూపించాడు, అక్కడ టైల్స్ కావు, టైల్స్ లాగా గీసిన రంగులు. వరదకి కింది టైల్స్ పాడైతే తర్వాత అలా పూరించారు. అంటే ఎక్కడి దాకా పెయింట్ ఉందో అక్కడి దాకా మూసీ వచ్చి నిలబడిందన్నమాట. మనిషి ఎత్తు దాటే ఉంది. నేను ఆ గీత పక్కన నిలబడితే నా తల నీళ్ల లోపలే.

ఇక ఛత్తా బజార్. ఇక్కడ మామ నడక మారిపోయింది. అప్పటిదాకా నా వెనక వస్తున్నవాడు ముందుకెళ్లి, ప్రతి షాపు ముందరా ఆగి, సలాం, ఖైరియత్, పిల్లలేం చేస్తున్నారు. సందు మొత్తం పెళ్లి కార్డులే. వెల్వెట్ డబ్బాలు, లేజర్ కటింగ్ కార్డులు, ఒక పక్క ఉర్దూ ఇంకో పక్క ఇంగ్లీష్, కొన్నింటి మీద తెలుగు కూడా. ఒకప్పుడు ఇక్కడ కాతిబ్‌లు వరసగా కూర్చునేవారట, కలం ముంచి ఉర్దూ అక్షరాలు చేత్తో రాసేవాళ్లు, ఆ రాసిందాన్నే లితో ప్రింట్ కొట్టేవారు. కంప్యూటర్‌లో ఉర్దూ టైప్ చేసే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోయారు. ఇంకా రాసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు, ఆయన నా పేరు అడిగి ఒక కార్డు వెనక రాసిచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. నా పేరు నాకు చదవరాలేదు గానీ పడవ మీద చుక్కల్లా ఉంది, ఫ్రేమ్ కట్టించా.

మామ పనిచేసిన ప్రెస్ ఇప్పుడు లేదు, అదే షట్టర్‌లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మామ షట్టర్ పక్క గోడ మీద చెయ్యి పెట్టి ఏదో వెతికాడు. గోడ మూలన ఎత్తుగా గట్టిపడిన తెల్లటి మరక. మైదా గోందు, బైండింగ్‌కి కాచేవాళ్లట, పని అయ్యాక బ్రష్‌ని రోజూ ఆ మూలకే తుడిచేవాడట. ముప్పై ఏళ్ల బ్రష్ తుడుపు పొరలు పొరలుగా పేరుకుని బొడిపెలా తయారైంది. రంగు వేసినా దాని మీదే వేసేశారు. నేనేదో అనబోయా, మామ అప్పటికే "చల్ చల్, ఆకలైతుంది" అని ముందుకెళ్లిపోయాడు.

దారుల్‌షిఫా వైపు తిరిగాక రోడ్డు ఒక్కసారిగా వింతగా అయిపోయింది. పాతబస్తీ మెట్రో కోసం 2025 జనవరి నుంచి ఇక్కడ బిల్డింగులు పడగొడుతున్నారు, ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. రోడ్డుకి కావాల్సినంత మేరకే కోసేశారు, దాంతో ఇళ్లు కేకు ముక్క కోసినట్టు నిలబడి ఉన్నాయి. రెండో అంతస్తులో ఎవరిదో పడగ్గది, ఆకుపచ్చ రంగు గోడ, గోడలో గూడు, గూట్లో పొగమసి, పక్కన మేకుకి ఇంకా క్యాలెండర్ తగిలించి ఉంది, నేల మాత్రం లేదు. ఒక చోట సగం షాపులోనే మిగిలిన సగం సామాను పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్నారు. మెట్రో వద్దని నేననను, ఆటోకి వందలు పోసేదాన్ని నేనే, వస్తే మొదటి రోజే ఎక్కుతా. కానీ ఆ ఆకుపచ్చ గది కింద నిలబడి ఎక్కడం గురించి ఆలోచించడానికి మనసొప్పలేదు. మామ పైకి చూసి "అప్పుడు గోడ అడ్డమన్నరు, ఇప్పుడు ఇండ్లు అడ్డమైనయ్" అన్నాడు, మామూలుగానే, వాన వస్తుందేమో అన్నట్టు.

పురానీ హవేలీ ప్రాంతం నాలుగు మూలల నాన్‌కి ఫేమస్, 1851లో మొదలైన మున్షీ నాన్ పేరు చెప్పని హైదరాబాదీ ఉండడు. నాన్‌ని నలుచదరంగా నాలుగు కొసలు వచ్చేలా చేసి తందూర్ లోపలి గోడకి కొడతారు, వేడిగా పేపర్‌లో చుట్టి ఇస్తారు. పాయాలో, అంటే మేక కాళ్ల పులుసులో ముంచి తినాలి గానీ మేం అలాగే పీక్కుంటూ నడుస్తూ తినేశాం. చల్లారితే అట్టముక్క అయిపోతుంది, వేడిగా ఉన్న పది నిమిషాలే దాని జీవితం.

దబీర్‌పురా దర్వాజా మధ్యాహ్నం రెండింటికి చేరాం. చూడగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ పెళ్లి రోజు నేను దీని కిందనుంచే రెండుసార్లు ఆటోలో అటూఇటూ వెళ్లాను, తలెత్తి చూడనేలేదు. దర్వాజాని పక్కకి పెట్టి కాపాడలేదు, టికెట్ లేదు, రోడ్డే దాని కిందనుంచి పోతుంది. బైకులు, ఆటోలు, స్కూల్ వ్యాన్, తోపుడుబండి అన్నీ ఆ కమాను కిందే దూరాలి, ఎదురుగా వస్తే ఒకరు ఆగాలి, అందరూ హారన్ కొడతారు, ఆ చప్పుడు రాతి కప్పుకి తగిలి రెండింతలై మన నెత్తి మీదే పడుతుంది. దబీర్ అంటే పారసీలో లేఖకుడు, రాతకోతలు చూసేవాడు. జీవితమంతా కాగితాలు కుట్టిన మామ ఈ దర్వాజా మనదే అన్నాడు.

దర్వాజా దాటి వెనక్కి తిరిగి బోర్డులు చదువుకుంటూ వచ్చా. నిజంగానే ఇవతల టైలర్ షాపు బోర్డు మీద ఔట్‌సైడ్ దబీర్‌పురా, స్కూల్ బోర్డు మీద ఓ బై ఎస్. ఉర్దూలో బేరూన్ అని రాశారని మామ చదివి చెప్పాడు, బేరూన్ అంటే బయట, లోపలికి అందరూన్. పాతకాలం వాళ్లకి ఊరంటే గోడ లోపలిదేనట, మిగతాదంతా బేరూన్. అంటే నేనుండే దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసున్న గచ్చిబౌలి, సికింద్రాబాద్, అన్నీ కలిపి బయట. ఈ లెక్కన ఇన్నేళ్లలో నేను హైదరాబాద్‌లో ఉన్నది ఇవాళ ఉదయం నుంచే.

తిరిగి లోపలికొచ్చి ఆ కిరాణా షాపు ముందు ఆగా. ఆయన నన్ను గుర్తుపట్టాడు. "మళ్ల పెండ్లా?" అన్నాడు. లేదు, దేనికి ఔట్‌సైడో తెలుసుకోడానికొచ్చా అన్నా. ఆయన మామ వైపు జాలిగా చూశాడు.

దర్వాజా ఉన్నచోట లోపలా బయటా తెలుసుకోవడం ఈజీ. లేనిచోట ఎలా? అది చూడాలని నేనే పట్టుపట్టా. మామ మోకాళ్లు అప్పటికే నొస్తున్నాయి, గౌలిపురా దాకా ఆటోలో వెళ్లాం, నడవాలన్న రూల్ పెట్టింది ఆయనే, తప్పింది ఆయనే. గౌలిపురాలో ఇన్‌సైడ్ ఉంది, ఔట్‌సైడ్ ఉంది, మధ్యలో ఉండాల్సిన దర్వాజా లేదు. ఇక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉంటారు, ఆషాఢంలో బోనాలు జోరుగా ఉంటాయి. దర్వాజా ఎక్కడుండేదని సైకిల్ షాపు తాతని అడిగా. కరెంటు స్తంభం చూపించాడు. ఎదురుగా పాన్ డబ్బా ఆయన వినేసి, కాదు కాదు, స్తంభం ఇక్కడికొచ్చిందే మొన్న, దర్వాజా ఆ మిల్క్ పాయింట్ కాడ ఉండె అన్నాడు. తాత ఊరుకుంటాడా.

"నువ్వెప్పుడు పుట్టినవ్‌రా, దర్వాజ గురించి చెప్తున్నవ్?"

"మా నాయిన చెప్పిండు తాతా."

"మీ నాయినకు పాలు పోసినోణ్ని నేను!"

ఇద్దరు ముగ్గురు చేరారు. ఒకావిడ పైన బాల్కనీ లోంచి మా ఇల్లు ఇన్‌సైడే, కావాలంటే కరెంట్ బిల్లు చూపిస్తా అని నిజంగానే లోపలికెళ్లి బిల్లు తెచ్చి పైనుంచి ఊపింది. అయితే ఆవిడ పక్కింటి వాళ్ల బిల్లు మీద ఔట్‌సైడ్ అని ఉందట. పక్కింటికీ ఈ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే ఉమ్మడి గోడ, పెచ్చులూడిన ఇటుక గోడ. "గట్లయితే ఇదే పట్నం గోడ!" అని పాన్ డబ్బా ఆయన అనగానే అందరూ నవ్వారు, తాత తప్ప. ఆయన ఇంకా స్తంభం వైపే చూపిస్తున్నాడు. మేం వచ్చేసేటప్పటికి కూడా తేలలేదు.

అక్కడినుంచి మెల్లగా అలియాబాద్ మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం. ఆడవాళ్లకి ఫ్రీ కాబట్టి నాకు జీరో టికెట్, మామకి డబ్బులు, అది ఆయనకి ప్రతిసారీ మండుతుంది. బస్సు కిటకిటలాడుతోంది, ఒక కాలేజీ పిల్లాడు ఫుట్‌బోర్డ్ మీద వేలాడుతున్నాడు. కండక్టరమ్మ జనంలోంచి తోసుకుంటూ "లాల్ దర్వాజా, లాల్ దర్వాజా, దిగేటోళ్లు ముంగటికి రావాలె" అని అరిచింది. కూరగాయల సంచీతో ఒక ముసలామె లేచింది. పిల్లాడు కదల్లేదు. కండక్టరమ్మ వాడి భుజం మీద టికెట్ మిషన్‌తో ఒకటిచ్చి, "ఏయ్, దర్వాజకు అడ్డం నిలబడకురా, ఎక్కేటోళ్లు ఎట్ల ఎక్కాలె" అంది.

మామ నా వైపు తిరిగి ఏదో అనబోయాడు గానీ అప్పటికే బస్సు ఆగి ఇంకో పదిమంది ఎక్కేశారు.